శామీర్‌పేట చెరువులో కలిపిన గద్ద

"మా చెల్లె బొక్కల సదువు సదువుతాంది" అని మా అన్న ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పేవాడు. మా వైపు బొక్క అంటే ఎముక. వినేవాళ్లకు నేనేదో మాంసం కొట్టులో పని నేర్చుకుంటున్నట్టు ఉండేది. నేను చదివింది శిలాజాల గురించి. అంతరించిపోయిన జంతువులు, పక్షులు రాయిలో మిగిల్చిపోయిన ఎముకల గురించి. అంత మాట మా ఇంట్లో ఎవరికీ ఓపికగా వినాలనిపించలేదు.

తొంభైల మధ్యలో, కర్నూలు వైపు సున్నపురాయి గుహల్లో యూనివర్సిటీలో నాకు చదువు చెప్పే సారు వెంట తవ్వకానికి వెళ్లినప్పుడు నాకు ఒక కాలి ఎముక, దాని పక్కనే ఒక గోరు దొరికాయి. గోరు వంపు చూడగానే వేటాడే పక్షిదని తెలిసిపోయింది. కానీ ఇప్పుడు బతికున్న ఏ గద్దకూ అలాంటి కాలు లేదు. ఈ కాలపు పెద్ద గద్ద ఎముకను తెచ్చి పక్కన పెడితే అది కోడిపిల్లదిలా కనిపించింది. సారు ఎన్నో పుస్తకాలు తిరగేసి, "దీని గురించి ఎవరూ రాయలేదమ్మా. శుభ్రం చేసి నువ్వు రాయి. పేరు కూడా నువ్వే పెట్టు" అన్నారు.

కొత్త ప్రాణికి పేరు పెట్టాలంటే దాని ఎముక ఎక్కడో భద్రంగా ఉండాలి. ఎవరొచ్చి అడిగినా తీసి చూపించగలగాలి. ఫోటోలు, కొలతలు ఎన్ని ఉన్నా ఎముక లేని లోటు తీరదు. నా పీహెచ్‌డీ అంతా ఆ రెండు ముక్కల మీదే నిలబడింది.

ఆ వానాకాలం మా లాబ్ కప్పు కారింది. ఇంటికి తీసుకెళ్లి శుభ్రం చేసుకోమని సారే చెప్పారు. స్టీలు డబ్బాలో దూది పరిచి, మేడ్చల్ బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. వరండాలో కూర్చుని, పలచటి ఆసిడ్‌లో నానబెట్టి, సూదితో రాతి పొరను గీకేదాన్ని. అన్న అప్పుడప్పుడు వచ్చి పక్కన కూర్చునేవాడు. ఒకసారి గోరును తన బొటనవేలికి ఆనించి చూసుకుని, "గిది మేకపిల్లను తన్నుకపోతదా?" అని అడిగాడు. పోతుందన్నాను. చిన్నపిల్లవాడిలా సంబరపడ్డాడు. తరువాత చుట్టాలంతా "పాపం, వానికేం ఎరుక" అన్నారు కాబట్టి ఈ సంగతి రాస్తున్నాను. అన్నకు ఎరుకే.

అప్పటికే అన్న అలియాబాద్‌లో నాయిన పెంచిన ద్రాక్షతోట పీకించి ప్లాట్లు చేశాడు. సున్నం కొట్టిన హద్దురాళ్లు పాతించాడు, గేటు పెట్టించాడు. కొనేవాళ్లే రాలేదు. పట్నంలో ఉండేవాళ్లకు ఊరి చివరి కొంపల్లే దూరం, దాన్ని దాటి రావాల్సిన అలియాబాద్ ఇంకెంత దూరం? ఆ మాట ఒప్పుకోవడానికి మనసొప్పక అన్న వాస్తు చెప్పే ఆయన్ని పిలిపించాడు. ఆయన నేలంతా తిరిగి, శల్యదోషం అన్నాడు. భూమిలో ఎముక ఉంటే ఆ భూమి అచ్చిరాదని మా వైపు నమ్మకం. అన్న కూలీలను పెట్టి తవ్వించాడు. ద్రాక్ష వేర్లు తప్ప ఏమీ దొరకలేదు. అప్పుడాయన, "యజమాని ఇంట్ల ఏమన్న బొక్క ఉన్నదా?" అని అడిగాడట.

నేను ఆ సాయంత్రం యూనివర్సిటీ నుంచి వచ్చేసరికి స్టీలు డబ్బా కడిగి బోర్లించి ఉంది.

"గంగల కలిపినం చెల్లె" అన్నాడు అన్న, ఎంతో నెమ్మదిగా. కొత్త తెల్లబట్టలో పసుపు, కుంకుమ, పూలు వేసి మూటగట్టి, తెప్ప మీద శామీర్‌పేట చెరువు నడిమికి పోయి వదిలారట. మంత్రాలు కూడా చదివించారట. మా తాత అస్థికలకు కూడా అంత మర్యాద జరగలేదు.

"అది నాది కాదన్నా, యూనివర్సిటీది. నా చదువంతా దాని మీదనే ఉన్నది" అని నెత్తీనోరూ కొట్టుకున్నాను.

"గంత పెద్ద గుహల ఒక్క పిట్టనే సచ్చిందా? ఇంకోటి దొరుకుతది తియ్."

నాయిన వైపు చూశాను. "బొక్క కోసం ఇంట్ల లొల్లి ఎందుకు బిడ్డా? అన్న బాగుపడుడు నీకు మంచిది కాదా?" అన్నాడు. ఆ మాటకు ఒళ్లు మండింది. ఇప్పటికీ మండుతుంది.

చేపలు పట్టేవాళ్లను బతిమాలి చెరువులో వలలు వేయించాను. నాచు వచ్చింది. మళ్లీ ఆ గుహకు వెళ్లాను. ఎలుకల పళ్లు, గబ్బిలాల ఎముకలు సంచులకొద్దీ దొరికాయి. అన్న చెప్పిన రెండో పిట్ట మాత్రం దొరకలేదు. సారు నన్ను ఒక్క మాటా అనలేదు. "చూపించలేనిదానికి పేరు పెట్టలేమమ్మా. ఆ అధ్యాయం తీసెయ్" అన్నారు. ఎలుకల పళ్ల మీద థీసిస్ రాసి డాక్టర్ని అయ్యాను. నా పక్షికి నేను అనుకున్న పేరు ఇక్కడ కూడా రాయను. రాసినా అది పేరు కాదు.

కొన్నేళ్లకు రింగు రోడ్డు మాట వచ్చింది, భూముల ధరలు లేచాయి, అన్న ప్లాట్లు కదిలాయి. దూరం దగ్గరైంది, అంతే. ఇంట్లో మాత్రం పీడ విరగడైందని పండగ చేసుకున్నారు. అన్న ఇంకో అడుగు ముందుకేసి, బొక్క మా తోటలోనే దొరికిందని చెప్పడం మొదలుపెట్టాడు. ఒక ఆదివారం నన్ను వెంచర్‌కు రమ్మన్నాడు. షామియానా కింద ఒక ఉద్యోగస్తుడు, ఆయన భార్య కూర్చుని ఉన్నారు.

"లచ్చల ఏండ్ల కిందటి బొక్క సార్, గీ భూమిలనే ఎల్లింది. తీసి గంగల కలిపినం. ఇంతకన్న శుద్ధమైన జాగ ఏడుంటది? మా చెల్లెను అడుగుండ్రి, డాక్టర్."

వేల ఏళ్లు అన్న నోట్లో లక్షలయ్యాయి. అది పోనీ. ఎముక పోయాక ఆ పక్షికి మిగిలింది అది బతికిన చోటు ఒక్కటే. అదీ లాగేసుకుంటుంటే నాకు ఆగబుద్ధి కాలేదు. అది ఇక్కడిది కాదని చెప్పాను. గుహ గురించి, గోరు వంపు గురించి, ఆ కాలు ఎంత బరువు మోసేదో, ఏం వేటాడి ఉంటుందో, తీసేసిన అధ్యాయమంతా చెప్పాను. అన్న ముఖం మాడిపోయింది. ఉద్యోగస్తుడి భార్య మాత్రం కన్నార్పకుండా వింది. నా పక్షి గురించి అంత శ్రద్ధగా విన్న మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు.

"అంటే మేడం, గీ భూమిల అసలు బొక్కనే ఎల్లలేదా?" అని అడిగింది.

"లేదు" అన్నాను.

ఆమె భర్త వైపు తిరిగింది. "ఇంకేంది, డాక్టరమ్మనే చెప్పవట్టె. తీసుకుందాం."

అక్కడే అడ్వాన్సు ఇచ్చారు. వాళ్ల తమ్ముడి కోసం పక్క ప్లాటు కూడా మాట్లాడుకున్నారు. వాళ్లను గేటు దాకా సాగనంపి అన్న నవ్వుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"వచ్చే ఐతారం గూడ రా చెల్లె" అన్నాడు. "గదే ముచ్చట చెప్పు."