ఈగల్ని తోలనివ్వని పెదనాయన

కమలాపురం ఆసుపత్రి డాక్టరుగా మా పెదనాయన శవపరీక్షకు ఏ ఊరు వెళ్లినా మొదట అనే మాట ఒకటే: "ఈగల్ని తోలొద్దండప్పా." ఆయన ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకోవడం నేను చూడలేదు. ఇది గర్వంగానే చెబుతున్నాను.

ఒకసారి ఎండిన వంకలో ఒక రైతు శవం కుళ్లిన స్థితిలో దొరికింది. అతనితో పొలం తగాదా ఉన్న సొంత అన్న చాలాకాలం శ్రీశైలంలో ఉండి, ముందురోజే తిరిగొచ్చాడు. వచ్చిన రోజే చంపాడని, ఎండకు శవం ఒక్కరోజులోనే కుళ్లిందని పోలీసులు అతనికే బేడీలు వేశారు. ఆడవాళ్లేమో చచ్చినవాడి మీద గౌరవంతో అంతకుముందే చుట్టూ శుభ్రంగా ఊడ్చి, కొత్త బట్ట కప్పారు.

"ఊడ్చిన చెత్త యాడ పోసినారమ్మా?" అని పెదనాయన అడిగాడు. వాళ్లు చూపించిన చోట మోకాళ్ల మీద కూర్చుని వెదికాడు.

"పురుగుల్ని బోనెక్కిస్తావా డాక్టరప్పా?" అని ఇన్‌స్పెక్టరు నవ్వాడు.

"ఎక్కిస్తా." పెదనాయన అరచేతిలో చిన్న గోధుమరంగు ఖాళీ గుల్లలు ఉన్నాయి. "ఈగ గుడ్డు పెట్టి, అది పురుగై, గుల్ల కట్టుకొని, మళ్లా ఈగై ఎగిరిపోయిండాది. ఒక్క దినంలో అయ్యే పనా ఇది? ఈయప్ప శ్రీశైలంలో ఉన్నప్పుడే తమ్ముడు సచ్చిపోయిండాడు."

కోర్టులోనూ అదే మాట మీద నిలబడ్డాడు. అన్న విడుదలయ్యాడు.

మొన్న పెదనాయనను చర్చి వెనక సమాధి చేసేటప్పుడు, ఎన్నడూ ఆ చర్చి గడప తొక్కని ఆ అన్న వచ్చి పార అడిగాడు.

"గుంత నేను పూడుస్తానప్పా."

పెదనాయన కొడుకు పార అతని చేతికిచ్చి పక్కకు జరిగాడు.