మడత పెట్టకూడని నోటు

తౌంగ్ షేన్ గురించి చెప్పాలంటే ముందు వాణ్ణి నాలుగు తిట్టి మొదలుపెట్టాలి. న్యాంగూ బజారు పక్కన, గుర్రబ్బళ్లు ఆగే చోట ముప్పై ఏళ్లుగా టీ కొట్టు నడుపుతున్నాను. సేన్ యీ అక్క కొట్టు అంటే బగాన్ బండివాళ్లలో తెలియనివాడు లేడు. ఇన్నేళ్లలో వెర్రిబాగులవాళ్లను చూశాను, మంచివాళ్లను చూశాను. ఆ రెండూ ఒకే మనిషిలో ఇంత దండిగా ఉండటం మాత్రం వీడిలోనే చూశాను.

ఇరవై ఎనిమిదేళ్లు బండి తోలాడు. బండి వాడిది కాదు, గుర్రమూ వాడిది కాదు, రెండూ ఊ హ్లా గ్యోవి. వచ్చిన బాడుగలో సగం ఆయనకు. గుర్రం పేరు ఫ్యూలే, తెల్లది. పిల్లగా ఉన్నప్పుడు దానికి కడుపునొప్పి వస్తే రాత్రంతా పొట్ట నిమురుతూ కూర్చున్నది వీడు, యజమాని కాదు. వీడికి పిల్లల్లేరు. పెళ్లాం ఖిన్ ఓన్ లక్క గిన్నెలకు సన్నగీతలు చెక్కే పనిలో కళ్లు పోగొట్టుకుంది. పూర్తిగా కాదులెండి, అన్నీ మసకమసకగా కనపడతాయి.

మా దగ్గర టిప్పును టీ డబ్బులు అంటారు. ఆ మాటకొస్తే ఆ డబ్బుల్లో నా టీకి వచ్చింది చాలా తక్కువ. గుళ్లు చూడటానికి వచ్చే దొరలు, దొరసానులు ఏమేమి ఇచ్చేవాళ్లో అడగండి చెబుతాను. పెదాల రంగు, సబ్బుబిళ్లలు, సగం వాడిన పెన్ను. కొందరు వాళ్ల దేశం నాణేలు గుప్పెడు పోసి, ఏదో రాజ్యం రాసిచ్చినట్టు నవ్వేవాళ్లు. ఆ నాణేలను డబ్బు మార్చే మారకం వాడు తాకను కూడా తాకడు. నోటు ఇచ్చినా అంతే, దానికి అప్పుడే పుట్టిన పిల్లకున్నంత నునుపు ఉండాలి. మూల నలిగితే తీసుకోరు, సిరా చుక్క పడితే తీసుకోరు. మధ్యకు మడత పడిందా, ఇక అది చిత్తు కాగితమే. అందుకే బండివాళ్లంతా డాలర్లను గట్టి అట్ట పుస్తకాల్లో పెట్టుకునేవాళ్లు. తౌంగ్ షేన్ అయితే ఇంట్లో బుద్ధుడి అరమీద ఉండే సూత్రాల పుస్తకంలో పెట్టేవాడు. దాని మీద ఎవరూ కూర్చోరు, దాన్ని ఎవరూ విసిరెయ్యరు కదా అని.

ఆ ఏడు ఊ హ్లా గ్యోకి బుద్ధగయ యాత్ర చెయ్యాలని బుద్ధి పుట్టింది. గుర్రాన్ని అమ్మేస్తానన్నాడు. పిన్ ఊ ల్విన్ నుంచి బేరగాడు కూడా వచ్చి పళ్లు చూసి వెళ్లాడు. తౌంగ్ షేన్ వెళ్లి కాళ్ల మీద పడితే, "సరే, నాలుగు లక్షల చాట్లు తే, నీకే ఇస్తా. తజౌంగ్మోన్ పౌర్ణమి దాకా చూస్తా. నాకు యాత్రకు పనికొస్తాయి, డాలర్లైతే ఇంకా మంచిది. మడత లేనిది సుమా," అన్నాడు. చాట్లంటే మా దేశం డబ్బు. వీడి దగ్గర మూడు లక్షలే ఉన్నాయి. ఇంకో లక్ష, అంటే ఆ రోజుల్లో వంద డాలర్లు. వీడికి ఎక్కడ పుడతాయి?

పౌర్ణమి ఇంకా పది రోజులుందనగా విల్మా అని ఒక అమెరికా ముసలావిడ వీడి బండి నాలుగు రోజులు మాట్లాడుకుంది. గుడులకంటే గుర్రాన్నే ఎక్కువ చూసేది. నా కొట్లో అరటిపళ్లు కొని దానికి పెట్టేది, నాకు మాత్రం చిల్లర దగ్గర బేరమాడేది. వెళ్లేరోజు హోటల్ గుమ్మంలో వీడి చేతిలో ఒక కవరు పెట్టింది. ఇచ్చినవాళ్ల ముందు విప్పి చూడటం మాకు మర్యాద కాదు. వాడు నా కొట్టుకు వచ్చి విప్పాడు. చూశాడు. మూశాడు. మళ్లీ చూశాడు.

"అక్కా, ఇది ఒకటా? వందా?"

నేను కళ్లజోడు పెట్టుకున్నాను. ఒకటి, పక్కన రెండు సున్నాలు. "వందరా! ఒరే, వంద!"

వాడు సంతోషపడ్డాడు అనుకుంటున్నారా? వాడి మొహం పాలిపోయింది. "పొరపాటున ఇచ్చుంటుంది అక్కా. ఆళ్ల నోట్లన్నీ ఒకటే రంగు, ఒకటే సైజు. ఒక డాలర్ ఇవ్వబోయి ఇది ఇచ్చింది. పాపం ముసల్ది," అని బండెక్కాడు. ఏనాడూ కొరడా ఎత్తనివాడు ఆ రోజు ఫ్యూలేను విమానాశ్రయం దాకా ఉరికించాడు.

"నీకేమైనా పిచ్చా? వచ్చిన లక్ష్మిని ఎవడైనా..." అని నేను అరుస్తూనే ఉన్నాను. వాడు వింటే కదా.

గంటకు తిరిగొచ్చాడు. కవరు చేతిలోనే ఉంది. ఆవిడ నవ్విందట. ఒక వేలు చూపించి కాదంది, పది వేళ్లు పదిసార్లు చూపించి అవునంది. గుర్రం మెడ నిమిరి, "దీనికి" అంది. నా కొట్లో ఉన్న బండివాళ్లంతా ఒక్కసారిగా గోల చేశారు. నేను ఆ పూట అందరికీ ఉత్తినే టీ పోశాను, అది కూడా రాసి పెట్టుకోండి.

"ఇంటికెళ్లి ముందు ఖిన్ ఓన్‌కి చెప్పు," అన్నాను.

"ఊహూఁ. పౌర్ణమినాడు గుర్రాన్ని తీసుకెళ్లి గుమ్మంలో కడతా. బయటికొచ్చి దాని మొహాన్ని తడిమి చూసి కెవ్వుమనాలి. నువ్వు నోరు జారావో, జన్మలో నీ టీ తాగను."

"తాగకపోతే మానెయ్, అప్పుల పీడా విరగడవుతుంది," అన్నాను. కానీ నోరు మూసుకున్నాను. ఆ మూసుకున్న నోటిని ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉన్నాను.

పౌర్ణమి వచ్చింది. భిక్షువులకు చీవరాలు, అదే కాషాయ బట్టలు, ఇచ్చే పండగ. మా వీధి తరఫున కల్పవృక్షం కట్టాం. వెదురు కొమ్మలకు ఆడవాళ్లం నోట్లను సన్నగా మడిచి, విసనకర్రల్లా విప్పి, పువ్వుల్లా గుచ్చుతాం. మఠం హాల్లో చాపల మీద అందరం వరసగా కూర్చున్నాం. ఖిన్ ఓన్ నా పక్కనే. లక్కపని చేసిన వేళ్లు కదా, ఆమె మడతలు పెడితే గీత గీసినట్టుంటాయి. ఒక ఆకుపచ్చ నోటును పదమూడు మడతలు పెట్టి, గోటితో ఒక్కొక్కటీ గట్టిగా రుద్దింది.

"డాలరే? అబ్బో, బండివాడి పెళ్లాం దర్జా!" అన్నాను.

"ఒక్కటే అక్కా. పుస్తకంలో దాచినవాటిలో ఒకటి తీశా. గుర్రం మనకే ఉండిపోవాలని మొక్కుకున్నా. ఆయనకి చెప్పకు, ఒక డాలర్‌కి కూడా లెక్క అడుగుతాడు," అని నవ్వింది.

"ఎంత సన్నగా మడిచావే!" అని మెచ్చుకున్నాను నేను. చూశానా? చూడలేదు. నా రెండు వందల చాట్ల నోటుకు పువ్వు ఎలా తిప్పాలా అన్నదే నా గొడవ.

మధ్యాహ్నం మఠం ధర్మకర్త ఊ ఫో తిన్ మైకు పట్టుకుని ఒక్కో పువ్వూ విప్పుతూ దాతల పేర్లు చదువుతున్నాడు. తౌంగ్ షేన్ మగవాళ్ల వరసలో కొత్త లుంగీ కట్టుకుని, కాసేపట్లో గుర్రానికి యజమాని కాబోయేవాడిలా మీసం దువ్వుకుంటున్నాడు.

"ఖిన్ ఓన్, అమెరికా డాలర్... ఆగండి, ఆగండి... వంద! వంద డాలర్లు!"

హాలంతా ఒక్కసారి "ఆఁ" అంది. తర్వాత "సాధు! సాధు! సాధు!" అని పైకప్పు ఎగిరేలా అరిచారు. నేను చటుక్కున తౌంగ్ షేన్ వైపు తిరిగాను.

ఖిన్ ఓన్ నవ్వుతూ లేచింది. "తప్పు చదివావు మావా, అది ఒకటే!"

"రెండు సున్నాలు కనపడుతున్నాయి కదమ్మా. వందే!" అన్నాడాయన నోటును అందరికీ చూపిస్తూ. నలిగిన మడతలు దూరానికి కూడా కనపడ్డాయి. ఆమె మొగుడి వైపు తిరిగింది. అంత మసక కళ్లకు కూడా వాడి మొహం కనపడి ఉంటుంది. నవ్వు నవ్వుగానే ఆగిపోయింది.

పెద్ద స్వామికి విషయం అర్థమైనట్టుంది. మైకు అడిగి తీసుకుని, "ఇంకా ధార పొయ్యలేదు. ఏదైనా పొరపాటు ఉంటే ఇప్పుడే చెప్పండి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు," అన్నారు.

నాలుగు వందలమంది తౌంగ్ షేన్ వైపు చూశారు. వెనకాల బండివాళ్లు చూశారు. వాళ్లకూ నాకూ తెలుసు. వెనక్కు తీసుకున్నా అది ఇక నోటు కాదు. పదమూడు మడతలు. ఊ హ్లా గ్యో దాన్ని ముట్టుకోడు, మారకం వాడు ముట్టుకోడు. ఇప్పుడేం చేసినా గుర్రం పోయినట్టే. ఇక మిగిలింది ఒక్కటే, ఈ నాలుగు వందలమంది ముందు ఖిన్ ఓన్ మొహం.

వాడు మోకాళ్ల మీద కూర్చుని దణ్ణం పెట్టాడు. "పొరపాటేం లేదు స్వామీ. వందే. నేనే ఇవ్వమన్నా."

మళ్లీ "సాధు! సాధు!" అన్న అరుపులు. ధార పోశారు. ఇత్తడి పాత్రలోంచి నీళ్లు చుక్కచుక్కగా పడుతుంటే, ఖిన్ ఓన్ నా మోచెయ్యి పట్టుకుని వదల్లేదు.

మర్నాడు పొద్దున బేరగాడి లారీ వచ్చింది. తౌంగ్ షేన్ గుర్రాన్ని కడిగి, జూలు దువ్వి, తానే ఎక్కించాడు. అది తల వెనక్కు తిప్పి వీడి చొక్కా జేబులో అరటిపండు కోసం వెతికింది. లేదు. వాడు తేలేదు. తెస్తే ఎక్కించలేనని తర్వాత చెప్పాడు. ఊ హ్లా గ్యో గయకు వెళ్లాడు. వీడు దాచుకున్న దాంట్లోంచి పక్కసీటు సైకిల్ రిక్షా ఒకటి కొని తొక్కడం మొదలుపెట్టాడు.

వారం తర్వాత ఊ ఫో తిన్ నా కొట్టుకు వచ్చి మొత్తుకున్నాడు. మాండలే దాకా వెళ్లినా ఆ నోటును ఎవడూ మార్చలేదట. ఇస్త్రీ చేసినా గీతలు పోలేదట. చివరికి మఠం బీరువాలో అద్దం వెనక పెట్టారు. చేతికొచ్చిన కూడు నోటికి రాలేదు, వీళ్లకూ రాలేదు, వాళ్లకూ రాలేదు. ఇంతకంటే దారుణం ఉంటుందా అని ఆ రోజు అనుకున్నాను.

ఖిన్ ఓన్ నా కొట్టుకు వచ్చి వెనక వంటపొయ్యి దగ్గర కూర్చునేది. "ఒక్క మాట అనలేదక్కా. కూరలో ఉప్పెక్కువేశా కావాలని. ఏమనకుండా తిన్నాడు. చొక్కా గుండీ కుట్టకుండా ఇచ్చా. వేసుకుని వెళ్లాడు. ఒక్కసారి తిడితే నాకు ఊపిరాడుతుంది. తిట్టడే!"

"నేను తిట్టనా పోనీ?" అన్నాను.

"నువ్వు రోజూ తిడతావుగా, అది పనిచెయ్యదు," అంది.

అలా ఏడాది. మరుసటి చలికాలం ఒక పొద్దున విల్మా ముసలావిడ నా కొట్టు ముందు దిగింది, చేతిలో అరటిపళ్ల అత్తం. "ఫ్యూలే? ఫ్యూలే?" అంటూ అడ్డా అంతా వెతికింది. తౌంగ్ షేన్ రిక్షా దిగి తల వంచుకుని నిలబడ్డాడు. వాడికి వచ్చిన ఇంగ్లీషు ముక్కలన్నీ ఆ క్షణాన ఎటో పోయాయి. ఆవిడ బెంచీ మీద కూర్చుని టీ తాగి, నా ముందు ఒక కొత్త డాలర్ పెట్టింది. నునుపుగా, తళతళా మెరుస్తూ.

అప్పుడే మొగుడికి అన్నం క్యారేజీ తెచ్చింది ఖిన్ ఓన్. ఆవిడెవరో ఎవరూ చెప్పకుండానే అర్థం చేసుకుంది. క్యారేజీ కింద పెట్టి, ముందుకు వచ్చి, ఆ డాలర్ తీసుకుని మడతపెట్టింది. ఒకటి, రెండు, మూడు... గోటితో రుద్దింది. విసనకర్రలా విప్పింది. మఠం వైపు చూపించి దణ్ణం పెట్టింది. తన గుండె మీద వేలు పెట్టుకుని, "నేను. నేనే. ఆయన కాదు," అంది. అక్కడ టీ తాగుతున్న గైడు కుర్రాళ్లు మిగతాది ఇంగ్లీషులో చెప్పారు.

ముసలావిడ నోరు తెరుచుకుని చూసింది. "మడతపెడితే ఏమైంది?" అందట. సంచీ లోపలి జేబులోంచి తన ఇంటి ఖర్చు నోట్లు తీసి బల్ల మీద పోసింది. నాలుగు మడతలవి, నలిగినవి, మూల చిరిగినవి, మీద ఎవరో ఫోన్ నంబరు రాసుకున్నవి. "మా ఊళ్లో ఇవన్నీ చెల్లుతాయి. ఇండియాలో కూడా మార్చుకున్నాను!"

ఇండియాలో మారుతుంది. ఊ హ్లా గ్యో వెళ్లింది ఇండియాకే. ఆ పౌర్ణమినాడు పదమూడు మడతల నోటునే ఆయన జేబులో పెట్టుకుని వెళ్లి ఉంటే! మేమెవరం ఈ ఊరు దాటి ఎరుగుదుం? ఆవిడ మఠానికి వెళ్లి ఆ నోటుకు బదులు కొత్తది ఇస్తానంది. మఠం పైకప్పుకు కొత్త రేకులొస్తాయి. గుర్రం రాదు.

తౌంగ్ షేన్ ఆ నలిగిన నోట్ల కుప్పను చూశాడు. పెళ్లాన్ని చూశాడు. ఆమె చేతిలో ఉన్న విసనకర్రను చూశాడు. చూసి చూసి, వాడి మెడ నరాలు ఉబ్బాయి.

"ఒసేయ్ గుడ్డిదానా! ఒకసారి చాల్లేదటే? మళ్లీ మడిచావా! మంచి డాలర్‌ని! నీ చేతులు విరగ! కనపడింది కనపడినట్టు మడిచి పారేస్తావా? నా గుర్రం... నా గుర్రమే అది..." అని అడ్డా అంతా వినపడేలా అరిచి, బెంచీ మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ముసలావిడ బెదిరిపోయి అరటిపళ్లు గుండెలకు హత్తుకుంది. బండివాళ్లు ఎటు చూడాలో తెలియక పైకి చూశారు. ఖిన్ ఓన్ మాత్రం నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి, మొహం విప్పారింది.

"తిట్టాడక్కా," అంది. "విన్నావా? తిట్టాడు."