రామచంద్ర గారి చేపల క్యాలెండరు

"జూన్, జూలై: చలి నెలలు. ఉత్తరాన ఇక్కడివాళ్ళు సాల్మన్ అని పిలిచేది డబ్బాల్లో దొరికే సాల్మన్ కాదు, మన మాగే. పోటు తిరిగే గంటలో ఇసుక మేట పక్కన నిలబడండి, చిన్న రొయ్య గుచ్చండి. ఆగస్టు: పడవ ఉన్నవాళ్ళకి వంజరం. గాలి చూసుకుని వెళ్ళండి. సెప్టెంబరు, అక్టోబరు: నీళ్ళు వేడెక్కుతాయి. పండుగప్ప సముద్రం కలిసే మొగ దగ్గరికి దిగుతుంది. కడుపు నిండా జన, అంటే గుడ్లు. నవంబరు నుంచి మూడు నెలలు పట్టకూడదు, చట్టం. కాబట్టి ఈలోపే."

ఆస్ట్రేలియాలో, బ్రిస్బేన్ శివారు సన్నీబ్యాంకులో ఉండే రామచంద్ర గారు రాసిన క్యాలెండరు ఇది. నాలుగు పేజీలు, తెలుగులో. క్వీన్స్‌లాండ్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో రెండొందల పైచిలుకు ఫోన్లలో ఉంది. ఏ చేపని ఎన్ని సెంటీమీటర్ల లోపు వదిలెయ్యాలో, మనిషికి ఎన్ని పట్టొచ్చో, అన్నీ రాశారు. ఆయన ఇంజనీరు. లెక్క తప్పరు.

వయసు అరవై ఒకటి. పుట్టింది రాజోలు దగ్గర. బ్రిస్బేన్ వచ్చి ఇరవై ఆరేళ్ళు. వంతెనలు తనిఖీ చేసే ఉద్యోగం. ఆ పని మీదే ఏడాదికి నాలుగైదు సార్లు ఉత్తరాన ఒక చిన్న ఊరికి వెళ్తుంటారు, కారులో పదకొండు గంటల దూరం. ఆ ఊరి పేరు నేను రాయను. రాస్తే ఏమవుతుందో ఈ కథే చెబుతుంది.

ఆ ఊళ్ళో ఎరల కొట్టు మారిసోల్‌ది. గాలాలూ, ఐసు సంచులూ, గడ్డకట్టిన రొయ్యలూ అమ్ముతుంది. ఫిలిప్పీన్స్ నుంచి ముప్ఫై ఏళ్ళ కిందట పెళ్ళి చేసుకుని వచ్చింది. మొగుడు రొయ్యల పడవ మీద పనిచేసేవాడు, చనిపోయాడు. ఆరేళ్ళ కిందట ఒక సాయంత్రం రామచంద్ర గారు ఆ కొట్టు ముందు ఐసులో పెట్టిన చేపని చూసి ఆగిపోయారు. బారముండి అని చీటీ ఉంది, చూస్తే మన పండుగప్పే. వెండి పొలుసు, వంగిన నుదురు, ఎర్రగా మెరిసే కన్ను.

"ఇది మా ఊరి చేప," అన్నారు ఆయన ఇంగ్లీషులో, నమ్మలేనట్టు.

"అందరూ అదే అంటారు," అంది మారిసోల్. "మా ఊరిదని నేనూ అనుకున్నాను. మా అమ్మ పులుసులో చింతపండు వేసేది."

"మా అమ్మ కూడా!"

ఆ చింతపండు దగ్గర స్నేహం కలిసింది. తర్వాతిసారి వచ్చినప్పుడు ఆవిడే తన పాత ట్రక్కులో ఎక్కించుకుని మడ చెట్ల మధ్య ఉన్న ఒక చిన్న క్రీక్, అంటే సముద్రంలో కలిసే ఏరు, చూపించింది. మొగ దగ్గర అటు ఒడ్డు నుంచి ఇటు ఒడ్డుకి రాయి విసరొచ్చు. "ఇది మా ఊరికి తిండి పెట్టే క్రీక్," అంది. "చిన్నది, ఇంజనీరూ. నువ్వొక్కడివైతే భరిస్తుంది. ఎవరికీ చెప్పకు." ఆయన చెప్పనన్నారు. అయిదేళ్ళు చెప్పలేదు కూడా.

మాట పోయింది ఒక భోజనాల దగ్గర.

పోయిన ఆగస్టులో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో బాలమురళి కొత్తింట్లో బార్బెక్యూ. బాలమురళిది బ్యాంకు ఉద్యోగం, నోటికి అదుపు లేదు. రామచంద్ర గారు పండుగప్ప పులుసు పట్టుకెళ్ళారు, జన విడిగా వేయించి. అందరూ గిన్నె చుట్టూ చేరారు. పులస అంకుల్ అని పిల్లకాయలు పెట్టుకున్న పేరు ఆయనకి ఇష్టం. గోదారి మీద పుట్టినవాడికి అది బిరుదుతో సమానం. వరదకి ఎదురీదుతూ గుడ్లు పెట్టడానికి వచ్చే చేపని, సరిగ్గా ఆ గుడ్ల కోసమే ఎగబడి కొనుక్కునే జాతి మనది. జన లేని చేప చేపేనా?

బాలమురళి ఒక ముక్క నోట్లో వేసుకుని, "అంకుల్, నిజం చెప్పండి. ఇది సన్నీబ్యాంక్ చైనీస్ షాపుదే కదా?" అన్నాడు.

అందరూ నవ్వారు.

"నేను పట్టిందయ్యా!"

"ఎక్కడ పట్టారో చెప్పరుగా. క్యాలెండరులో నెల ఉంటుంది, చేప ఉంటుంది, ప్లేస్ ఉండదు. గూగుల్ మ్యాప్‌లో లేని ఏరు అంకుల్ గారిది."

"లొకేషన్ పిన్ పంపండి అంకుల్, నమ్ముతాం," అన్నాడు శ్రీకర్. కొత్తగా వీసా మీద వచ్చిన సాఫ్ట్‌వేర్ కుర్రాడు, ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు.

ఇంటికి వెళ్ళాక రామచంద్ర గారు సెప్టెంబరు పేజీ తెరిచి క్రీక్ పేరు, దారి, కారు ఎక్కడ ఆపాలో చేర్చారు. "పండుగప్పల్లో పెద్దవన్నీ ఆడవే. జన కావాలంటే పెద్దదాన్నే పట్టండి, కొలత దాటకుండా," అని ఒక వాక్యం కూడా రాశారు. కింద ఎప్పుడూ ఉండే సంతకమే: కూర్పు, రామచంద్ర, సన్నీబ్యాంక్. గ్రూపులో పెట్టారు. చప్పట్ల బొమ్మలు కురిశాయి. బాలమురళి కూడా ఒకటి పెట్టాడు.

సెప్టెంబరు చివర స్కూలు సెలవులకి పదకొండు కార్లు వెళ్ళాయి. నాలుగు రోజులు ఒడ్డు మీదే. ఫోటోలు వచ్చాయి: పిల్లలు, టెంట్లు, గాలాలకి వేలాడే వెండి చేపలు. ఎవరూ రూలు దాటలేదు. మనిషికి ఇన్ని అన్న లెక్కలోనే పట్టారు. కాకపోతే నలభై మంది పట్టారు. ఐసు పెట్టెలు నిండిపోయాక జన మాత్రం తీసుకుని మిగతా చేపని ఒడ్డున వదిలేశారని ఒక ఫోటో మూలలో కనిపిస్తూనే ఉంది. రామచంద్ర గారు ఆ ఫోటోని పెద్దది చేసి చూశారు. బొటనవేలు బొమ్మ పెట్టారు.

అక్టోబరు మూడో వారం తనిఖీకి ఆ ఊరు వెళ్ళారు. మారిసోల్ కొట్టులో ఎవరూ లేరు. అద్దం మీద ఎర్ర రంగుతో రాసినదాన్ని ఎవరో గీకి తుడిచారు కానీ అక్షరాలు ఇంకా తెలుస్తున్నాయి: మీ వాళ్ళని తీసుకుని పో.

"ఏమైంది?" అన్నారు.

"క్రీక్ ఖాళీ అయిపోయింది," అంది ఆవిడ, ఐసు సంచులు లెక్కపెడుతూ. "కడుపు చీల్చిన చేపలు అరవై దాకా కుళ్ళిపోయి దొరికాయి. ఏషియన్లు చేశారన్నారు. ఈ ఊళ్ళో ఉండే ఏషియన్ని నేనొక్కదాన్నే కదా. ఫిషింగ్ క్లబ్ వాళ్ళు నా దగ్గర ఐసు కొనడం మానేశారు."



మర్నాడు మధ్యాహ్నం తనిఖీ సంగతి చెప్పడానికి కమ్యూనిటీ హాలుకి వెళ్ళారు. నోటీసు బోర్డు మీద, ప్లాస్టిక్ కవరులో, బురద మరకలతో ఒక కాగితం. సెప్టెంబరు పేజీ, ఎవరో ప్రింటు తీసుకెళ్ళింది. తన మాటలు.

క్లబ్ అధ్యక్షుడు గ్రాంట్ పక్కనే నిలబడి ఉన్నాడు. అటు గోడ వారగా ఇద్దరు ముసలాళ్ళు, కరెంటు బిల్లు పని మీద వచ్చిన మారిసోల్.

"ఒడ్డున దొరికింది," అన్నాడు గ్రాంట్. "మారిసోల్ తన భాష కాదంటుంది. వాళ్ళు మన ఇంగ్లీషు అక్షరాలే రాస్తారట. ఎవరు నమ్ముతారు? నువ్వు నాలుగు చోట్ల తిరిగినవాడివి మేట్. ఇదేం భాష?"

మారిసోల్ ఆయన వైపే చూస్తోంది. ఆరేళ్ళుగా ఆవిడ కొట్టు గట్టు మీద మోచెయ్యి ఆనించి నోటు పుస్తకంలో ఆ అక్షరాలే రాసుకున్న మనిషి ఈయన.

"తెలియదు," అన్నారు రామచంద్ర గారు. "ఏదో ఏషియన్ భాషలా ఉంది."

మారిసోల్ తల తిప్పుకుంది.

ఇది మన కథ కాబట్టి ఉన్నదున్నట్టు అంటాను. బస్సులో ఎవడో మనల్ని చూసి వెనక్కి పొమ్మంటే మనం పిటిషన్లు రాస్తాం, ఊరేగింపులు తీస్తాం, తియ్యాలి కూడా. అదే మాట మన మూలంగా ఇంకొకరి అద్దం మీద పడినప్పుడు, అది మన అద్దం కాదు కదా అని ఊపిరి పీల్చుకున్నాం. ఉగాదికి తెలుగు భాష గొప్పదనం మీద ఉపన్యాసం ఇచ్చే పెద్దమనిషి ఆ భాష తనకి తెలియదని చెప్పి బయటికి నడిచాడు.

ఇంటికొచ్చి ముందు గ్రూపులో ఫైలు తీసేశారు. భార్య ఉదయలక్ష్మి గారు యూనివర్సిటీలో లెక్చరరు. రెండు రోజులు ఆయన అన్నం కెలకడం చూసి ఏమైందని అడిగారు. ఆయన జరిగింది చెప్పారు.

"నేను రూలు ఎక్కడా తప్పలేదు ఉదయా. కొలతలు కూడా రాశాను."

"నేను కొలతల గురించి అడగలేదండీ. భాష తెలియదన్నారా?"

"నోట్లోంచి వచ్చేసింది."

"మరి ఫైలు ఎందుకు తీసేశారు? మీ పేరు ఉందనా?"

ఆయన మళ్ళీ అన్నం కెలికారు.

"ఫోన్లో తుడిస్తే ఆవిడ అద్దం మీద పోతుందా ఏంటి?" అన్నారు ఆవిడ, కంచం తీసేస్తూ. "ఆ పనేదో అక్కడికెళ్ళి చెయ్యండి."

తర్వాతి గురువారం ఆఫీసుకి సెలవు పెట్టి, పని ఏమీ లేకుండా, పదకొండు గంటలు కారు నడుపుకుంటూ వెళ్ళారు. దారంతా ఇంగ్లీషులో వాక్యాలు కూర్చుకున్నారు. కొట్టులో మారిసోల్ ఎదురుగా నిలబడేసరికి ఒక్కటీ గుర్తు లేదు.

"ఆ కాగితం నాది," అన్నారు.

"తెలుసు."

"ఆ రోజే చెప్పలేకపోయావా మారిసోల్, వాళ్ళతో?"

"చెబితే ఏమయ్యేది? ఒక ఏషియన్ ఇంకో ఏషియన్ మీద తోస్తోందనేవాళ్ళు." కత్తితో రొయ్యల పెట్టె టేపు కోసింది. "అదీగాక, నువ్వే చెబుతావనుకున్నాను. నువ్వు గుమ్మం దాటేదాకా ఎదురుచూశాను."

"క్షమించు."

"నాకు చెప్పడం తేలిక, ఇంజనీరూ. నేను కేకలు వెయ్యనని నీకు తెలుసు. ఇవాళ ఆరింటికి క్లబ్ మీటింగు ఉంది. అక్కడ చెప్పు."

హాల్లో పాతిక మంది ఉన్నారు. మారిసోల్ వెనక వరసలో, తలుపు పక్కన కూర్చుంది. గ్రాంట్ క్రీక్‌కి కాపలా పెట్టే సంగతి మాట్లాడుతుంటే రామచంద్ర గారు లేచి, నేరుగా బోర్డు దగ్గరికి నడిచి, కవరులోంచి ఆ కాగితం తీశారు.

"ఇది తెలుగు," అన్నారు. "మారిసోల్‌ది కాదు. నాది. చదువుతాను."

ముందు తెలుగులో చదివారు, ఒక్కో వాక్యం. ఆ గదిలో అంతకుముందు ఎవరూ వినని మాటలు. ఒక్కో వాక్యం తర్వాత ఇంగ్లీషు. పోటు తిరిగే గంట. మొగ. కడుపు నిండా గుడ్లు. కారు ఆపాల్సిన చోటు. పెద్దవన్నీ ఆడవే అన్న వాక్యం దగ్గర ఆగారు. నీళ్ళు ఎవరూ ఇవ్వలేదు. రెండోసారి మొదలుపెట్టి చదివారు. ఆడవాటిని పట్టండి అని ఇంగ్లీషులో తన నోటితో వినేసరికి, తెలుగులో నోరూరించిన ఆ మాట ఎంత అసహ్యంగా ఉందో ఆయనకే తెలిసింది.

"కూర్పు, రామచంద్ర, సన్నీబ్యాంక్," అని ముగించారు. "అది నేను."

"అంతేనా?" అన్నాడు గ్రాంట్.

"ఇంకొకటుంది. పోయిన వారం నువ్వు ఇదే చోట ఇది ఏ భాషని అడిగావు. నాకు తెలుసు. తెలియదన్నాను. ఆవిడ వింటూండగా అన్నాను. క్షమించు మారిసోల్."

ఎవరో కుర్చీ వెనక్కి తోసి బయటికి పోయారు. ముందు వరసలో ఒకాయన బూతు అన్నాడు. అనాల్సిందే. గ్రాంట్ మెడ వెనక గోక్కుంటూ మారిసోల్ వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. అద్దం మీద రంగు పూసినవాడు ఆ పాతిక మందిలోనే ఉండి ఉండొచ్చు. అతను లేవలేదు. ఆ సాయంత్రం ఆ హాల్లో ఆవిడకి క్షమాపణ చెప్పింది రామచంద్ర గారొక్కరే.

మారిసోల్ లేచి నిలబడింది. "విన్నారుగా," అంది అందరితో. "రేపు పొద్దున అయిదింటికి కొట్టు తెరుస్తాను. ఐసు ఉంటుంది." రామచంద్ర గారి పక్కనుంచి నడుస్తూ ఆగి, నెమ్మదిగా అంది: "నువ్వు మాత్రం రాకు. కొన్నాళ్ళు రాకు."

ఆయన తల ఊపారు. ఆ రాత్రి ఊళ్ళో ఉండకుండా కారెక్కారు. దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆపి, గ్రూపులో తెలుగులో జరిగిందంతా చెబుతూ ఏడు నిమిషాల వాయిస్ మెసేజి పెట్టారు. మొదటి జవాబు బాలమురళిది: "అంకుల్, ఎందుకు ఇంత ఇదైపోతున్నారు? మనం రూల్ బ్రేక్ చెయ్యలేదుగా."

రామచంద్ర గారు ఆ బంకు దీపాల కింద కూర్చుని దానికి జవాబు టైపు చేశారు: "నేనూ మా ఇంట్లో అదే మాట అన్నాను."