ఆదివారం దాకా ఆగమన్న మాట

నాన్న పంపిన కబురును ఒకసారి నేను మార్చి చెప్పాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, డైరీలోనూ రాసుకోలేదు.

మాది బొల్లాపల్లి దగ్గర ఊరు. పొలం పంపకాల్లో నాన్నకీ బాబాయికీ మాటలు పోయాయి. బోరు నాన్న వాటాలోకి వచ్చింది. ఇళ్లు ఎదురెదురే అయినా ఏ కబురైనా నేనే మోయాలి. నోరు తెరవనిదాన్ని కాబట్టి ఇద్దరూ నమ్మేవాళ్లు.

అప్పట్లో నరసరావుపేట లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకంలో మంగోలు దూతల గురించి చదువుతున్నాను. ఖాన్ కబురును పాటలా కట్టి, ఒక్క మాటా తేడా రాకుండా గుర్రం మీద వల్లించుకుంటూ పోయేవారట. దూతను చంపిన రాజ్యం మీదికి దండెత్తేవారట. వీధి దాటేటప్పుడు నేనూ అలాంటిదాన్నే అనుకుని లోలోపల మురిసిపోయేదాన్ని.

ఆ ఏడు వానల్లేవు. బాబాయి కౌలుకు వేసిన రెండెకరాల మిరప పూత మీద బెట్టకొచ్చింది.

"రెండు తడులు ఇస్తాడో ఇవ్వడో తేల్చమను అమ్మాయ్. లేదంటే రేపే ట్యాంకర్లు తోలించుకుంటా" అన్నాడు గురువారం పొద్దున.

నాన్న కంచంలోంచి తలెత్తలేదు. "నా మీదికి గడ్డపార ఎత్తినోడికి నీళ్లా? చుక్క ఇవ్వనని చెప్పు. ఎండితే ఎండనీ."

ఆ మాటలే వల్లించుకుంటూ వీధి దాటాను. పిన్ని చేతిలో మజ్జిగ గ్లాసు పెట్టింది. "ఏమన్నాడే మీ నాన్న? చెప్పు, నోట్లో ముత్యాలేం రాలవులే" అని నవ్వింది. బాబాయి నవ్వలేదు. నా మొహంలోకే చూస్తున్నాడు.

"ఆదివారం దాకా ఆగమన్నాడు. చూద్దామన్నాడు" అన్నాను.

ఈలోపు నాన్నను ఒప్పిద్దామనుకున్నాను. మూడు రోజులూ ఆయన మంచం దాకా వెళ్లి, మంచినీళ్లు పెట్టి వచ్చేశాను. బాబాయి ట్యాంకర్లు పిలవలేదు. ఆదివారం మళ్లీ నన్నే పంపాడు.

"ఒకసారి చెప్పాగా!" అని కసిరాడు నాన్న.

ఇవ్వనన్నాడని ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను. అప్పటికే పూతంతా రాలి సాళ్లలో పడుంది.

"ట్యాంకర్లన్నా తోలించుకోలా, మొండోడు" అన్నాడు నాన్న తర్వాతెప్పుడో. కంచం తీసుకుని లోపలికి పోయాను.

తోట పీకేసి బాబాయి వాళ్లు పనులకు హైదరాబాదు పోతుంటే, చెప్పేద్దామని ఆటో దాకా వెళ్లాను. చెప్పబోతే ఏడుపే వచ్చింది. ఏడుస్తున్నానని బాబాయి నా తల మీద చెయ్యి వేశాడు.

"నువ్వేం చేస్తావమ్మా, ఆయన చెప్పమన్నదే చెప్పావు. మాట తప్పింది మీ నాన్న."