బియ్యం డబ్బా మీది రికార్డు

మా పక్కింటి ఇంగ్లీషు మేడం పోయి ఈ ఆదివారానికి పదకొండు రోజులు. కాలేజీకి పోయే ఆళ్లగడ్డ బస్సుకని గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ గోడకు ఆనుకుని కూచుంది. మళ్లీ లేవలేదు. ఆమె పాత విద్యార్థులుగా మీరంతా కలిసి జ్ఞాపకార్థ కూడికకు కార్డు అచ్చు వేయించారు. అందులో "చేపట్టిన ప్రతి పనినీ పూర్తి చేసి, ప్రశాంతంగా ప్రభువు సన్నిధికి చేరారు" అని ఉంది. తప్పు. ఒక పని మిగిలింది. అది నా వంటింట్లో బియ్యం డబ్బా మీద ఉంది. ప్రశాంతంగా అన్నదీ తప్పే. పోయే ముందురోజు సాయంత్రం కూడా మా అరుగు మీద కూచుని తన కాలేజీని కడిగి ఆరేసింది.

ఆ వాక్యం రాసినవాడెవడో నాకు తెలుసు. ఇప్పుడు ఆమె కుర్చీలో కూచుంటున్నవాడే. పేరు రాయను. చదువుతుంటే వాడికే తెలుస్తుంది.

కూడికలో పంచే పుస్తకానికి నన్ను నాలుగు మంచి మాటలు రాయమన్నారు. మంచి మాటలన్నీ కార్డే వాడేసుకుంది. చిరునవ్వుల తల్లి అట, ప్రకృతి ప్రేమికురాలట. నంద్యాలలో ముప్ఫై ఏళ్లు మా ఇళ్లకు మధ్య ఒకటే గోడ. ఆ చిరునవ్వును నేను రెండుసార్లు చూశాను. రెండూ చెబుతాను.

ముందు మీ కాలేజీ సంగతి. ఆమెను తీసుకున్నది సాహిత్యం చెప్పడానికి. క్లాసులో కూచున్నవాళ్లు, పాపం, మీరే. ఒకరోజు ఎక్కడో మంచు దేశపు పూల మీద పద్యం చెబుతూ, "మీ చేలో శనగ పువ్వు ఏం రంగురా?" అని అడిగిందట. అందరూ శనగ పండించేవాళ్ల పిల్లలే. ఒకడు పసుపు అన్నాడు, ఇద్దరు కిటికీలోంచి బయటికి చూశారు. మర్నాడు ఆమె ఊదారంగు పూలున్న శనగ కొమ్మ ఒకటి బల్ల మీద పెట్టి, అది వాడిపోయేదాకా ఆ పద్యం జోలికి పోలేదు. సాహిత్యం నేనూ కొంత చదువుకున్నాను. ఇంతకన్నా మంచి పాఠం వినలేదు.

సాహిత్యంలో చేరేవాళ్లు తగ్గేసరికి స్పోకెన్ ఇంగ్లీషు అంటగట్టారు. ఆ పుస్తకం నిండా విమానాశ్రయాలు, హోటళ్లు. ఎర్రబస్సులో కిటికీ పక్క సీటు కోసం తువ్వాలు విసిరే పిల్లలు, విమానంలో కిటికీ పక్క సీటు ఇప్పించమని ఒకరినొకరు మర్యాదగా అడుక్కునేవాళ్లు. ఆ తర్వాత ఎవరికీ అక్కరలేని పర్యావరణ శాస్త్రం మిగిలింది. కరెస్పాండెంటు గారు పిలిచి, "పుస్తకం ఇంగ్లీషులోనే ఉండాది గదా మేడం, మీకు ఇంగ్లీషు వచ్చు గదా" అన్నారట.

ఆ సాయంత్రం ఆమె అరుగు మీద సంచీ విసిరేసి, "రేపు మందుల చీటీ ఇంగ్లీషులో ఉండాదని నాతో ఆపరేషన్ గూడా చేపిస్తారేమో అక్కా" అంది.

అయినా చెప్పింది. సున్నిపెంటలో డ్యాం పనివాళ్ల క్వార్టర్సులో పెరిగిన మనిషి. నీళ్ల గురించి పుస్తకం తనకు చెప్పేది ఏమీ లేదని ఆమెకు తెలుసు, పుస్తకానికే తెలియదు.

పర్యావరణ శాస్త్రానికి రికార్డు రాయాలి. ఏదైనా ఒకచోటికి వెళ్లి, చూసింది రాసి, సంతకం పెట్టించుకోవాలి. మీ కాలేజీ ఆచారం వేరు. గేటు దగ్గరి జిరాక్సు కొట్లో రాసిపెట్టిన రికార్డు అమ్ముతారు. దాన్ని చూసి రాయడమే క్షేత్ర పర్యటన. ఆ ఏడు కొట్టువాడు కోస్తా నుంచి తెప్పించాడు. మీరు అందులో ఏముందో పట్టించుకోకుండా దించేశారు. మా అరుగు మీద రికార్డులు దిద్దుతూ ఆమె ఉన్నట్టుండి కళ్లజోడు తీసేసింది.

"అక్కా, మావాళ్లంతా సముద్రం జూసొచ్చినారు."

"ఎప్పుడు?"

"సోమవారమంట. సోమవారం పొద్దున సముద్రం, మధ్యాన్నం నా క్లాసు. పోటు మోకాళ్ల దాకా వచ్చిందంట. మడ చెట్ల వేర్లు జూసినారంట. వీడు జూడు, జాలరాయనతో మాట్లాడి ఆయప్ప కష్టాలు గూడా రాసినాడు."

ఆ జాలరి కష్టాలు రాసినవాడే ఇప్పుడు కార్డు రాసినవాడు. చెయ్యి తిరిగింది అప్పుడేనన్నమాట.

మర్నాడు రికార్డులన్నీ తిరిగి మీ ముఖాన కొట్టి, మిమ్మల్ని కాలేజీ వెనక పారే వంక దగ్గరికి నడిపించింది. సాహిత్యం, స్పోకెన్ ఇంగ్లీషు, పర్యావరణం, మూడూ ఆ గట్టు మీదే కానిచ్చింది. ఒక్కొక్కరు నిలబడి, కళ్లకు కనిపించింది ఇంగ్లీషులో ఒక్క వాక్యం చెప్పాలి. మన జాలరి మిత్రుడు ముందుకొచ్చి, "వెరీ బ్యూటిఫుల్ రివర్, మేడం" అన్నాడు.

"ముక్కు మూసుకోని బ్యూటిఫుల్ అంటాండావే! ముందు ఆ చెయ్యి తీసి చెప్పు."

చెయ్యి తీశాడు. వాక్యం రాలేదు, దగ్గు వచ్చింది. అప్పటినుంచి ఏటా రికార్డు వంక దగ్గర నిలబడి రాయాల్సిందే. "చూడంది రాయొద్దు, చూసింది దాచొద్దు" అని మొదటి పేజీలో రాయించేది. మీలో చాలామంది ఆ పేజీ ఒక్కటే సొంతంగా రాశారు.

ఇక నవ్వులు. మొదటిది మా ఆయన పోయినప్పుడు. పలకరించడానికి వచ్చినవాళ్లందరితో, "ఆయన ఒక్కనాడు గొంతెత్తి మాట్లాడిన మనిషి కాదు" అని చెబుతూ ఏడుస్తున్నాను. నాలుగోసారి చెప్పేసరికి పక్కన కూచున్న ఈమె నా చెవి దగ్గరికి వంగి, "అక్కా, నేను పక్కింట్లోనే ఉండాను గదా" అంది. అని చిన్నగా నవ్వింది. చాపల మీద ఊరంతా కూచుని ఉండగా నాకూ నవ్వొచ్చింది. ఆ తర్వాత ఆయన్ను ఆయనలాగే తలుచుకోగలిగాను, అరుపులతో సహా. ఆ మేలుకు బదులుగానే ఆమె గురించి ఇలా రాస్తున్నాను. కార్డు లాగా రాస్తే ఆమె గోడ అవతలి నుంచి దగ్గుతుంది.

రెండో నవ్వు పోయిన నెలలో. రుద్రవరం వైపు పల్లె నుంచి వచ్చే ఒక పిల్ల రికార్డు నాకు చదివి వినిపించింది. ఆ పిల్ల వారం రోజులు వంక గట్టున నిలబడి చూసి రాసింది. నీళ్లు ఎక్కడిదాకా తేటగా ఉన్నాయి, ఎక్కడ నల్లబడ్డాయి, నల్లబడిన చోట ఏ గొట్టం దిగుతోంది. ఆ గొట్టం కాలేజీ హాస్టలుది. బొమ్మ కూడా వేసింది. ఇంగ్లీషు వంకరటింకరగానే ఉంది. మేడం మొహం మాత్రం వెలిగిపోయింది. "ముప్ఫై ఏండ్లకు ఒక్కతి జూసింది అక్కా" అని యాభైకి యాభై వేసి సంతకం పెట్టింది.

కరెస్పాండెంటు గారు ఆ రికార్డు తిరగరాయించమన్నారు. "తప్పు యాడుందో చూపీండి సార్. స్పెల్లింగులో ఉందా, గొట్టంలో ఉందా?" అని అడిగి వచ్చేసింది. వచ్చి రికార్డు నా చేతిలో పెట్టింది. "ఆడ పెడితే మాయమైతాది. నీ ఇంట్లో ఏదీ మాయం కాదు, నువ్వు ఎవర్నీ రానీవు గదా" అంది. మార్కుల జాబితా పంపే రోజు తానే పట్టుకుపోతానంది. ఆ రోజే గుమ్మంలో కూలబడింది.

ఆమెను మట్టిలో పెట్టిన మూడోరోజు ఆ పిల్ల అడ్రసు వెతుక్కుంటూ వచ్చింది.

"అవ్వా, నేను రికార్డే ఇయ్యలేదని రాసినారు. ఒక్క పేపర్ పోయినా చదువు మాన్పిస్తా అంటాడు మా నాయన. నా రికార్డు యాడుందో ఎవురూ చెప్పల్యా."

బియ్యం డబ్బా చూపించాను. డబ్బాకు ఆనుకుని ఏడ్చింది. అప్పుడే ఇస్తానన్నాను. పిల్ల వద్దంది. తను పట్టుకుపోతే గేటు దాటనివ్వరట, లెక్చరరు తెస్తేనే ఆఫీసులో తీసుకుంటారట. సరే, ఆమె కుర్చీలోకి వచ్చిన లెక్చరరుకు ఫోన్ చేశాను.

"నేను కొత్తోణ్ణి అవ్వా, వచ్చీరాగానే నాకెందుకు చెప్పు ఈ గొడవ" అన్నాడు.

"సముద్రం దాకా పోయొచ్చినోడివి, వెనకాల వంక దాకా పోలేవా నాయనా?" అన్నాను.

వాడు ఫోన్ పెట్టేస్తాడనుకున్నాను. పెట్టేసినా బాగుండేది. పెట్టేయలేదు, అలాగే ఊపిరి పీలుస్తూ ఉన్నాడు. అందుకే నాయనా, ఇంకా నీ మీద ఆశ చావలేదు, అందుకే ఇదంతా రాశాను.

మొన్న మీ కాలేజీలో ఆమె పేరు మీద మొక్క నాటారట, ఫోటోలు వచ్చాయి. కాలేజీ ముందువైపు నాటారు. వెనకవైపు ఎవరూ వెళ్లినట్టు లేదు.

సరే, విను. ఆదివారం కూడిక అయ్యాక, భోజనం చేశాక, మా ఇంటికి రా. నువ్వైతే తలుపు తీస్తాను. రికార్డు పాత పేపరులో చుట్టి ఉంది. సంజీవనగర్ వైపు ఏదైనా కొట్లో రెండు జిరాక్సులు తీయించు. మీ గేటు దగ్గర వద్దు, మీకు సముద్రం అమ్మింది వాళ్లే. ఒకటి నాకిచ్చి పో. సోమవారం పొద్దున అసలు రికార్డు పట్టుకుని ఆమె ఎక్కే బస్సే ఎక్కు, ఆఫీసులో ఇవ్వు. జాబితాలో "ఇవ్వలేదు" అన్నది కొట్టేసి, ఆమె వేసిన మార్కు వేసి, పక్కన నీ సంతకం పెట్టు. రెండో జిరాక్సు మీద ఆఫీసు ముద్ర వేయించి పిల్ల చేతికివ్వు. మంగళవారం దాటితే ఏదీ దిద్దరట. రికార్డు అట్ట మీద కుడివైపు వంక మట్టి అంటి ఎండిపోయిన మరక ఉంటుంది, మధ్యలో మేడం బొటనవేలి గుర్తు పడి ఉంది. దాన్ని తుడవొద్దు.