తెల్ల బంతి కుడి అంచు

మా మామ సూటిగా ఉన్న బంతిని కొట్టలేడు. పూల్ బల్ల మీద పాకెట్ అనే మూల రంధ్రం ముందర, ఊదితే పడిపోయేట్టున్న బంతిని కూడా పోగొట్టుకునేవాడు. అదే బంతి అడ్డంగా, బల్ల అంచుకు ఆనుకుని, ఎవరూ కర్ర ఎత్తడానికి కూడా సాహసించని చోట ఉంటే ఒక్క దెబ్బకు పడేసేవాడు. అదీ ఎడమ వైపు పాకెట్లోకి మాత్రమే. ఇది వింటే మీకు నవ్వు రావచ్చు. అప్పట్లో మాకూ నవ్వే వచ్చేది.

మామ అంటే మా అమ్మకు తమ్ముడు. చాలా ఏళ్లు కువైట్‌లో డ్రైవరుగా పనిచేసి జమ్మలమడుగుకు తిరిగొచ్చాడు. బస్టాండు దగ్గర ఒక మిద్దె మీద రెండు పూల్ బల్లలు వేసి అంగడి పెట్టాడు. నేను ప్రొద్దుటూరులో నగలకు రాళ్లు పొదిగేవాణ్ణి. ఇప్పటికీ అదే పని. కుడి కంటికి భూతద్దం పెట్టుకుని, ఎడమ కన్ను మూసుకుని పొద్దంతా కూర్చోవాలి. నా పనికి వంక పెట్టినవాణ్ణి ఊరికే వదలను. ఆ గుణం మా అమ్మ వైపు నుంచి వచ్చిందని మా నాన్న అనేవాడు. సెలవు దొరికినప్పుడల్లా మధ్యాహ్నం తినేసి జమ్మలమడుగు బస్సెక్కేవాణ్ణి.

ఎండకు భయపడి ఆ వేళకు ఎవరూ వచ్చేవారు కాదు. మామ షట్టరు సగం దించి, బల్లల మీది దీపాలు మాత్రం వేసేవాడు. చుట్టూ చీకటి, మధ్యలో పచ్చటి గుడ్డ. అక్కడ నాకు ఆ దెబ్బ నేర్పించాలని ఆయన పట్టుదల.

"తెల్ల బంతి కుడి అంచున కొట్టల్ల అల్లుడూ. ఇంగ రవ్వంత జరిగితే కర్ర జారిపోతాదే, ఆడ."

ఆయన ఎడమ కన్ను మూసి, కొట్టి చూపించేవాడు. తెల్ల బంతి బొంగరంలా తిరుగుతూ పోయి రంగు బంతి అంచును ఒరుసుకునేది. రంగు బంతి అడ్డంగా జారుకుంటూ ఎడమ మూల పాకెట్లో పడేది. ఆ తరువాత తెల్ల బంతి వచ్చి బల్ల మధ్యలో ఆగేది. ఆగిందనుకునేవాణ్ణి. దానికి గీతా గుర్తూ ఉండవు కనుక కదలక నిలబడినట్టే ఉండేది. దగ్గరికి వంగి చూస్తే మాత్రం, కర్ర కొనకు రుద్దే నీలం చాక్ దాని మీద అంటుకున్న మరక కనిపించి మాయమై మళ్లీ కనిపించేది. ఉన్నచోటే తిరుగుతూ ఉండేది అది. అంతసేపు చప్పుడు లేకుండా తిరిగే వస్తువును చూస్తే నాకెందుకో ఒళ్లు జలదరించేది.

ఈ దెబ్బలో ఒక చిక్కుంది. కుడి అంచున కొట్టిన బంతి మనం చూపిన దారిన పోదు. బయలుదేరేటప్పుడే కాస్త ఎడమకు తొలుగుతుంది. అందుకని గురి ఇంకాస్త కుడికి, బంతి పక్కనున్న ఖాళీకి పెట్టాలని ఆట తెలిసినవాళ్లందరూ చెబుతారు. మామ మాత్రం ఒప్పుకునేవాడు కాదు.

"ఖాళీకి కొట్టేదేంది? రంగు బంతి అంచు చూడు. చూసిన అంచుకే కొట్టు. నేను అట్లే కొడతాండా గదా."

నేనూ అట్లాగే కొట్టాను. కొన్ని వందలసార్లు కొట్టి ఉంటాను. ప్రతిసారీ బంతి పాకెట్‌కు వేలెడు ముందే బల్ల అంచు గోడకు తగిలేది. మామ ఎట్లా కొడుతున్నాడో అట్లాగే కొడుతున్నా పడేది కాదు. ఆయన చెయ్యి వేరు, నా చెయ్యి వేరు అనుకుని మనసులోనే ఏడ్చుకునేవాణ్ణి.

ఒకరోజు నేను షట్టరు కింద నుంచి వంగి లోపలికి వెళ్లేసరికి, మామ కర్రకు చాక్ రుద్దుకుంటూ ఎడమ కన్ను మూసి నా వైపు చూశాడు.

"ఎవురప్పా నీ పక్కన?"

వెనక్కి తిరిగాను. ఎవరూ లేరు. మెట్ల మీద ఎండ తప్ప ఏమీ లేదు. "ఒక్కణ్ణే వచ్చిన్యా మామా" అన్నాను. ఆయన ఇంకాసేపు నా ఎడమ చెవి పక్కన చూసి, "సరేలే" అని బల్ల మీదికి వంగాడు. ఆ రోజంతా నా ఎడమ భుజం మీద ఎవరో ఊపిరి వదులుతున్నట్టే ఉండింది. బస్సులో కూడా ఆ పక్క సీటు ఖాళీగా ఉంటే కూర్చోలేక నిలబడే ప్రొద్దుటూరు చేరాను.

ఆ నెలలోనే మామ తలుపు చట్రం వంకరగా ఉందని మేస్త్రీతో తగాదా పెట్టుకున్నాడు. మేస్త్రీ తూకం దారం వేలాడదీసి చూపించాడు. చట్రం నిక్కచ్చిగా ఉంది. "నీ దారం కూడా వంకరే" అన్నాడు మామ. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత ఇలాంటివాళ్ల కోసమే పుట్టిందని మేమంతా కడుపుబ్బ నవ్వుకున్నాం.

పులివెందులలో పోటీ పెట్టినప్పుడు మామతో నేనే వెళ్లాను. ఆయన వరుసగా మూడు సూటి బంతులు పోగొట్టాడు. నాలుగోసారి, ఇక ఎవరి వల్లా కాదనుకున్న అడ్డబంతిని ఎడమ పాకెట్లో పడేశాడు. మిద్దె ఎగిరిపోయేట్టు చప్పట్లు. నా వెనక ఒకాయన పక్కవాడితో చెబుతున్నాడు.

"సూటివి కావాలనే వదిలేస్తాండాడప్పా. సులువుది కొట్టేది నామోషీ ఆయనకు. శానా పొగరు."

మా సీమలో పొగరంటే తిట్టు కాదు. మామ ఆ మాట విన్నాడు. మీసం దువ్వుకుని, ఆ తరువాతి సూటి బంతిని కూడా వదిలేశాడు. ఆటలో ఓడిపోయినా జనం చుట్టుముట్టి భుజాలు తట్టారు. కిందికి దిగేటప్పుడు మాత్రం, మెట్టు లేని చోట కాలు పెట్టి నా భుజాన్ని గట్టిగా పట్టుకున్నాడు. నేను నవ్వి, "మెట్లు గూడ నామోషీనా మామా?" అన్నాను. ఆయన కింది మెట్టును కాలితో తడుముకున్నాడు.

రెండేళ్ల తరువాత ఎడమ కంటిలో కూడా మసక వస్తే కడప కంటి ఆసుపత్రికి తీసుకుపోయాం. కుడి కంటి లోపలి పొర ఎప్పుడో ముడతలు పడి చెడిపోయిందని డాక్టరమ్మ చెప్పింది. ఆ జబ్బులో సూటిగీతలు వంగిపోతాయట. వస్తువు ఉన్నచోట కాక పక్కన కనిపిస్తుందట. ఒక్కోసారి దాని పక్కన ఇంకోటి ఉన్నట్టు కూడా ఉంటుందట. మొదట్లోనే వచ్చుంటే చూపు నిలిచేదని, ఇది కుటుంబాల్లో వచ్చే జబ్బని కూడా చెప్పింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. ఆయనకు బంతి కుడికి జరిగి కనిపించేది, దెబ్బ ఎడమకు తొలిగేది. రెండు తప్పులూ కలిసి ఒక ఒప్పు అయ్యేవి. మేం దానికి చప్పట్లు కొట్టాం. అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మామకు ఇప్పుడు వెలుతురు, నీడ మాత్రమే తెలుస్తాయి. అంగడి మూసేసి బల్లలు అమ్మేశాడు.

పోయిన నెల నగల దుకాణం యజమాని నేను రాళ్లు పొదిగిన బంగారు గాజును తిప్పి ఇచ్చాడు. "ఏమప్పా, రాళ్ల వరుస నడుమ వంగింది చూడు" అన్నాడు. ఇన్నేళ్లలో నన్ను ఆ మాట అన్నవాడు లేడు. "వంకర నీ కండ్లలో ఉండాదేమో, చూపిచ్చుకో పో" అని అరిచి గాజును బల్ల మీద పడేసి వచ్చాను.

ఆ వారంలోనే ఒక పెళ్లివారికి హారం అందించడానికి పులివెందుల వెళ్లాను. తిరుగు బస్సుకు టైముంది. ఎదురుగా మిద్దె మీద బంతుల చప్పుడు వినిపిస్తే ఎక్కాను. లోపల రెండో బల్లను చూడగానే కాళ్లు ఆగిపోయాయి. చెక్క అంచు మీద మామ సిగరెట్టు పెట్టి మరిచిపోయిన నల్లటి మచ్చ. అది మామ బల్లే.

కర్ర తీసుకున్నాను. మామ నేర్పిన ఆ అడ్డదెబ్బే కొట్టాలనిపించింది. రంగు బంతిని గోడకు ఆనించి పెట్టి, ఎడమ కన్ను మూసి, చూసిన అంచుకే కొట్టాను. బంతి అడ్డంగా జారుకుంటూ పోయి ఎడమ పాకెట్లో పడింది.

నమ్మలేక మళ్లీ కొట్టాను. మళ్లీ పడింది. మూడోసారికి పక్క బల్ల వాళ్లు ఆట ఆపి వచ్చారు. నాలుగోసారికి చప్పట్లు కొట్టారు. నా మోచేతిని మామే పట్టుకుని ఆడిస్తున్నట్టుంది. సంతోషం పట్టలేక కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు ఎవరో సరదాకు ఒక బంతిని పాకెట్ ముందర సూటిగా పెట్టారు. కొట్టాను. తెల్ల బంతి దాని కుడి పక్క నుంచి, తగలకుండా వెళ్లిపోయింది.

"సూటిది కావాలనే వదిలేసినాడప్పా" అన్నారెవరో నా వెనక. "పొగరు."

తెల్ల బంతి గోడకు తగిలి తిరిగొచ్చి బల్ల మధ్యలో ఆగింది. నేను తల తిప్పి, ఎడమ కన్ను అట్లాగే మూసి ఉంచి కిటికీ చువ్వల వైపు చూశాను. నడిమి రెండు చువ్వలు మెల్లగా కుడికి వంగి ఉన్నాయి. కన్ను తెరిస్తే సరిగ్గా నిలబడ్డాయి. ఆ గాజు గుర్తొచ్చింది. కర్ర అక్కడే ఆనించి దిగిపోయాను.

ప్రొద్దుటూరు పోలేదు. జమ్మలమడుగు బస్సెక్కాను. పొద్దు ఇంకా వాలలేదు. మామ ఒక్కడే వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. జరిగిందంతా చెప్పాను.

"ఏ పక్క పడతాంది?" అన్నాడు.

"ఎడమకు."

"అంచుకే కొడతాండావా?"

"అంచుకే."

ఆయన నా గొంతు వైపు ముఖం తిప్పాడు. "ఆడ చప్పట్లు కొట్టినారా?" అని అడిగాడు.

"కొట్టినారు."

"నాకూ కొట్టినారు. మేస్త్రీ దారం చూపిచ్చిన దినమే నాకు తెల్సురా, నా కంట్లోనే ఏదో ఉండాదని. చప్పట్లు ఇనుకుంటా రెండేండ్లు కూర్చున్న్యా." చేత్తో వెతికి నా మణికట్టు పట్టుకున్నాడు. "ఎడమ కన్ను మూసుకో. నన్ను చూడు. నా పక్కన ఎవురన్నా ఉండారా?"

లేరని చెప్పాలని నాకెంత ఉందో చెప్పలేను. భూతద్దం, రాళ్లు, బతుకు అంతా ఆ కుడి కంటిలోనే ఉంది. ఎడమ కన్ను మూశాను. మామకు ఎడమ పక్కన, ఆయన భుజానికి ఆనుకుని, ముఖం మసకగా ఇంకొకరు కూర్చుని ఉన్నారు.

"ఉండారు మామా."

మామ మంచం దిగి, కాళ్లతో చెప్పులు వెతుక్కున్నాడు.

"పా. కడప బస్సు ఉంటాది."