ఖాళీగా వదిలిన దెబ్బ

మొన్న మా కర్నూలు ఇంట్లో కంప్యూటర్ నన్ను నిలదీసింది. ఊరికే వాడి చూడమని ఇచ్చిన సంగీతం సాఫ్ట్‌వేర్‌కు గడువు తీరిందట, ఉంచుకుంటావా, తీసేస్తావా అని. స్విచ్చి ఆపేశాను. ఆ ప్రశ్న కనబడితే చాలు, కోడుమూరు దగ్గరి పల్లెలో ఉండిన మా మేనమామ గుర్తొస్తాడు.

మామ చెక్కభజన గురువు. వయసులో ఉన్నప్పుడు ఎర్రగుంట్లలో సిమెంటు లారీ మీదనుంచి పడి మోకాలు పాడుచేసుకున్నాడు. అయినా గజ్జెలు కట్టి, చెక్కలు చేతపట్టి నిలబడితే ఊరంతా అక్కడే ఉండేది. తాళం ప్రతి చుట్టు చివరా అందరూ ఆగుతారు. కాలూ చెక్కలూ కలిపి వేసే ఆ ఒక్క దెబ్బ గురువుది. కుంటికాలు లేచి నేలకు ఆనేసరికి మామ దెబ్బ ఎప్పుడూ ఒక పిసరు ఆలస్యమయ్యేది. కొత్తగా చేరినవాళ్లు అదేదో గొప్ప విద్య అనుకుని ఇంటికెళ్లి సాధన చేసేవాళ్లు. మామ మీసాల్లో నవ్వుకునేవాడే గానీ అసలు సంగతి చెప్పేవాడు కాదు.

గురువు పోతే ఆ ఊళ్లో ఏడాదిపాటు ఆయన చోటు ఖాళీగా ఉంచుతారు. ఆయన దెబ్బ ఎవరూ వేయరు. అందరూ కాలెత్తి, ఆ కాస్త నిశ్శబ్దాన్నీ గడవనిచ్చి మళ్లీ అందుకుంటారు. ఏడాది నిండాక ఇంటివాళ్లు ఆయన చెక్కలు కొత్త గురువుకు అందించాలి. మామ పోయి ఏడాది దాటినా మా అత్త ఇవ్వనంది. "ఆయన చేతి చెమట ఇంగా ఆరలేదు" అని పాత చీరలో చుట్టి దాచుకుంది. అడిగి అడిగి విసిగిన బృందం భజనే మానుకునేదాకా వచ్చింది.

రిటైరయ్యాక నాకు పట్టిన పిచ్చి కంప్యూటర్‌లో పాటలు కూర్చడం. రెండు సాఫ్ట్‌వేర్లలో ఏది మేలో తేల్చుకుందామని, ఆ ఖాళీ చోటుతో జరిగిన భజనను ఫోన్లో పట్టుకొచ్చి రెండింటికీ వినిపించాను. ఎక్కడ దెబ్బ వినబడితే అక్కడ తెరమీద ఒక గడి గీయడం వాటి పని. మొదటిది బుద్ధిగా దెబ్బలన్నీ గీసి, గురువు చోటు ఖాళీగా వదిలింది. రెండోది అక్కడా గడి గీసింది, ప్రతి చుట్టులోనూ. సరిగ్గా తాళం పడాల్సిన గీత మీద కాదు, ఒక పిసరు అవతల. ఫోన్లో ఉన్నదాన్ని చెవుల్లో పెట్టుకుని మళ్లీ విన్నాను. అక్కడ గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. మిట్టమధ్యాహ్నం, బయట నిప్పులు చెరిగే ఎండ. నేను మాత్రం లేచి ఫ్యాను ఆపేశాను.

కంటి డాక్టరుకు చూపించుకోవడానికి వచ్చిన అత్త పక్క గదిలోనే ఉంది. దాచలేకపోయాను. ఆ గడులను మద్దెల చప్పుడుగా మార్చి వినిపించి, "మిషన్ పొరపాటు లే అత్తా" అన్నాను.

"పొరపాటు యాడిదప్పా, ఆయన కాలే అది" అంది. కళ్లు మూసుకుని ఇంకో చుట్టు వింది. "సూడు, ఇంగా నొస్తాండాది. చెక్కలు నేను పట్టుకోని కూచుంటే ఆయప్ప యాడికి పోతాడు? శానా సేపు నిలబెట్టినాను."

ఆ శనివారమే చెక్కలు తనే తెచ్చి కొత్త గురువు చేతిలో పెట్టింది. ఆనాటి భజననూ ఫోన్లో పట్టుకొచ్చి ఆ రెండో సాఫ్ట్‌వేర్‌కే ఇచ్చాను. కొత్త గురువు దెబ్బ సరిగ్గా గీత మీద పడింది. దాని అవతల ఏమీ లేదు.

గడువు తీరింది ఆ రెండోదానికే. దాన్ని ఉంచుకోవడమా, తీసేయడమా ఇంకా తేలలేదు. మనకు ఏడాది ఇట్టే గడిచిపోతుంది. ఆ మోకాలితో నిలబడ్డవాడికి అదెంత పొడుగో.